పాత టేకు సింహద్వారం: రెక్క గడపకు రాసుకుంటోంది, కమ్మి మొదట్లో చెదలు. సొంతంగా బాగుచేసుకోవడం ఎలా?

కోనసీమ_లోగిలి:

అమలాపురం దగ్గర 1962లో కట్టిన పెంకుటిల్లు. సింహద్వారం టేకు, రెండు రెక్కలు. ఒక్కో రెక్క 78 అంగుళాల ఎత్తు, 21 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం. రెక్కకు మూడేసి పలకలు, పై పలకలో పద్మం చెక్కి ఉంది. రెక్కకు మూడేసి ఇనప బందులు (కీళ్ళు), 5 అంగుళాలవి. ముందు వరండా ఉంది కాబట్టి వాన నేరుగా కొట్టదు, కానీ సాయంత్రం ఎండ రెండు గంటలపాటు పడుతుంది.

ఇబ్బందులు మూడు. ఒకటి, కుడి రెక్క మధ్యవైపు కింది మూల గడపకు దాదాపు 4 మి.మీ. మేర ఒరుసుకుంటోంది, ఎత్తిపట్టి తోస్తే గానీ మూసుకోదు. కింద 5 మి.మీ. చిత్రిక పట్టేస్తే సరిపోతుందని వడ్రంగి అన్నారు. రెండు, ద్వారబంధం ఎడమ కమ్మి (నిలువు చెక్క) మొదట్లో ఏడంగుళాల దాకా తడితే డొల్ల చప్పుడు వస్తోంది, గోడ పక్కన చెదల మట్టి దారి కనిపిస్తోంది. మూడు, నాలుగు పొరల ఎనామిల్ ఉంది: పైన చాక్లెట్ రంగు, దాని కింద ఆకుపచ్చ, నీలం, అన్నిటికీ అడుగున నారింజ-ఎరుపు పొర. అవన్నీ తీసి టేకు కనపడేలా చేయాలని ఉంది.

ఉన్న పనిముట్లు: డ్రిల్లు, హీట్ గన్, చిత్రిక, అర అంగుళం, అంగుళం ఉలులు, రసమట్టం, మూలమట్టం. పది రోజుల సెలవు ఉంది. ఏది ముందు, ఏది తర్వాత? కాస్టిక్ సోడా పోస్తే రంగు ఒక్క రోజులో ఊడుతుందంటున్నారు, పోయవచ్చా?

చిత్రిక_పొట్టు:

ముందు ఒక మాట. కింద కోయించకండి. రెక్క ఎందుకు దిగిందో తేలకుండా కోస్తే ఇంకో రెండేళ్ళకు మళ్ళీ దిగుతుంది, ఈసారి కోయడానికి కింది అడ్డపట్టీలో చెక్క మిగలదు. పైగా ఇప్పుడు కోసిన చోటు, అతుకులు బిగించి రెక్కను సరిచేశాక, వంకరగా పైకి లేచి గడపకూ రెక్కకూ మధ్య సందు పడుతుంది. ఆ సందులోంచి ఎలకపిల్ల దూరుతుంది.

రెక్క దిగడానికి కారణాలు నాలుగే: పై బందు వదులవడం, బందుల కణుపులు (చువ్వ చుట్టూ తిరిగే గొట్టాలు) అరిగిపోవడం, రెక్క అతుకులు వదులవడం, లేదా గడపే మట్టం తప్పడం. వీటిని విడదీయడానికి టేపు, రసమట్టం చాలు.

రెక్క వేలాడుతుండగానే మూల నుంచి మూలకు రెండు కొలతలూ తీయండి. మీ రెక్క కొలతలకు, అతుకులు వదులై 4 మి.మీ. దిగితే రెండు మూలకొలతల మధ్య తేడా 7–8 మి.మీ. రావాలి. బందు వైపు పై మూల నుంచి మధ్యవైపు కింది మూలకు ఉన్న కొలతే పొడవుగా ఉంటుంది. తేడా 2 మి.మీ. లోపు ఉంటే అతుకులు గట్టిగానే ఉన్నట్టు లెక్క, అప్పుడు తప్పు బందులది.

చాలామంది చూడగానే పై బందునే అనుమానిస్తారు. ఒంటి రెక్క వెడల్పాటి తలుపుకు అది నిజమే కావచ్చు గానీ ఇలాంటి సన్నటి రెక్కకు లెక్క కుదరదు. పై బందుకూ కింది బందుకూ మధ్య 60 అంగుళాలు, రెక్క వెడల్పు 21. పై బందు 3 మి.మీ. బయటికి వస్తే మధ్యవైపు మూల దిగేది 1 మి.మీ. మాత్రమే. 4 మి.మీ. దిగాలంటే పై బందు పదకొండు పన్నెండు మి.మీ. ఊడి రావాలి, అది కంటికి కనిపించకుండా ఉండదు. కణుపులు అరిగితే రెక్క మొత్తం ఒకే తీరున దిగుతుంది, అంటే రెక్క పైన సందు రెండు చివర్లా సమానంగా పెరుగుతుంది.

గడప మీద రసమట్టం పెట్టి కూడా చూడండి. ఎడమ కమ్మి మొదలు డొల్లయింది కాబట్టి ద్వారబంధమే కొద్దిగా ఒరిగి ఉండవచ్చు.

కోనసీమ_లోగిలి:

కొలిచాను. మూలకొలతల తేడా 7 మి.మీ. పైన సందు బందు వైపు 2 మి.మీ., మధ్యవైపు 6 మి.మీ. గడప మట్టంగానే ఉంది. బందుల మరలు కదలడం లేదు, కానీ వాటి తలల్లో గాడి రంగుతో పూడిపోయింది.

చిత్రిక_పొట్టు:

అయితే అనుమానమే లేదు, అతుకులే. అడ్డపట్టీల కుసులు, అంటే బెజ్జంలో దూరేలా చెక్కిన కొసలు, నిలువు పట్టీల బెజ్జాల్లో వదులయ్యాయి. పని వరస ఇది: ముందు చెదల మందు, తర్వాత రెక్కలు దింపడం, రంగు తీయడం, అతుకులు విప్పి బిగించడం, చివర్న మెరుగు. రంగు తీయకుండా అతుకులు విప్పవద్దు. నాలుగు పొరల ఎనామిల్ పలకల్ని గాడిలో సిమెంటు పోసినట్టు పట్టి ఉంచుతుంది, విప్పబోతే పలకే చీలుతుంది.

మరలు తీయడం: తల గాడిలోని రంగును పాత హ్యాక్‌సా బ్లేడు ముక్కతో గీకి పూర్తిగా శుభ్రం చేయండి. గాడి నిండా కూర్చునే స్క్రూడ్రైవర్ పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, ముందు బిగించే వైపు కొద్దిగా తిప్పండి. తుప్పు పట్టు విడుతుంది. అప్పుడు విప్పండి. అయినా రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను మర తల మీద రెండు నిమిషాలు ఆనించి, చల్లారాక మళ్ళీ ప్రయత్నించండి. రెక్క ఇరవై కిలోల పైనే ఉంటుంది. పై బందు చివర్లో విప్పాలి, విప్పేటప్పుడు కింద చెక్క చీలికలు పెట్టి రెక్క బరువు వాటి మీద నిలపాలి, ఇంకొకరు పట్టుకోవాలి.

అతుకులు విప్పే ముందు ప్రతి పట్టీ మీద, ప్రతి పలక వెనక పెన్సిలుతో గుర్తులు వేయండి. చేత్తో చేసిన తలుపులో ఏ కుసి ఏ బెజ్జానిదో దానికే కుదురుతుంది. కుసికి అడ్డంగా కొట్టిన చెక్క మేకులు కనిపిస్తాయి, సాధారణంగా చిటికెనవేలు మందంలో ఉంటాయి. వాటికంటే 1 మి.మీ. సన్నటి బిట్‌తో మధ్యలో తొలిచి, మిగిలిన పెంకును ఉలితో రాల్చండి. ఆ తర్వాత నిలువు పట్టీకి చెక్క ముక్క అడ్డం పెట్టి దాని మీద కొట్టాలి. నేరుగా పట్టీ మీద సుత్తి పడకూడదు. పాత తలుపుల్లో జంతుచర్మాలతో చేసిన వజ్రం బంక వాడి ఉంటే వేడినీటి గుడ్డ పది నిమిషాలు చుట్టి ఉంచితే మెత్తబడుతుంది.

కుసిని బెజ్జంలో పెట్టి చూడండి. చేత్తో తోస్తే బిగుతుగా దిగాలి, సుత్తి అక్కరలేకుండా. లొడలొడ ఆడితే జిగురుతో నింపేస్తే పోతుందనుకోకండి. కుసి బుగ్గలకు 1 మి.మీ. మందం టేకు రేకు అంటించి, ఆరాక చిత్రికతో సరిచేసి మళ్ళీ కుదర్చాలి.

టేకులో సహజమైన నూనె ఉంటుంది, అది జిగురును పట్టనివ్వదు. అంటించే ముందు రెండు ముఖాలనూ అసిటోన్ తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు పసుపుపచ్చ రంగు అంటడం తగ్గేదాకా తుడిచి, పదిహేను నిమిషాల్లోపే జిగురు రాయాలి. ఆలస్యమైతే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. బయటి తలుపుకు మామూలు తెల్ల ఫెవికాల్ వద్దు, నీటికి తట్టుకునే మెరైన్ రకం గానీ నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ గానీ వాడండి.

జిగురు కుసికీ బెజ్జానికీ మాత్రమే. పలకకు చుక్క కూడా తగలకూడదు. పలక వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. గాడిలో దానికి ఆ చోటు ఉండాలి. అంటించిన పలక మొదటి వేసవికే నిలువునా పగులుతుంది. పలక అంచులకు కొవ్వొత్తి మైనం రుద్దితే జిగురు కారి అంటుకునే భయం ఉండదు.

బార్ క్లాంపులు లేకపోతే నైలాన్ తాడు రెండు చుట్లు చుట్టి మధ్యలో కర్రతో మెలిపెట్టండి, అంచుల దగ్గర అట్టముక్కలు వేసి. బిగించాక మళ్ళీ మూలకొలతలు తీయండి. పొడవైన మూల వైపు క్లాంపును కాస్త ఏటవాలుగా వేసి లాగితే రెండూ సమానమవుతాయి. 24 గంటలు కదపకండి, తర్వాత కొత్త టేకు మేకులు కొట్టండి.

సీసం_లేని_ఇల్లు:

రంగు గురించి నేను చెప్తాను, ఇది అతుకులకంటే ముఖ్యం. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. 1962 నాటి తలుపు మీద పొరల్లో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. మీరు చెప్పిన అడుగు నారింజ-ఎరుపు పొర సీస సిందూరం కావచ్చు.

అంటే పొడిగా ఉప్పుకాగితం రుద్దవద్దు, గ్రైండరుకు ఫ్లాప్ డిస్కు తగిలించి అసలే వద్దు. ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. నేల మీద పాకే పిల్లల చేతులకంటి నోట్లోకి పోతుంది. వాళ్ళ మెదడు ఎదుగుదలకు అది చేసే నష్టం తిరిగి పూడేది కాదు. పని జరిగే చోటికి పిల్లల్నీ గర్భిణుల్నీ రానివ్వకండి. కింద మందపాటి పాలిథీన్ పట్టా చుట్టూ ఆరేసి అడుగులు పరవండి. రాలిన పెచ్చుల్ని ఏ పూటకాపూట తడిపి మూటగట్టాలి. పెరట్లో, మొక్కల మొదట్లో పోయకండి, తగలబెట్టకండి. పని బట్టలు విడిగా ఉతకాలి.

చదునుగా ఉన్న పట్టీలకు హీట్ గన్ మంచిది. 400–450 డిగ్రీల దగ్గర ఉంచండి, 600కు తీసుకెళ్ళకండి: ఆ వేడికి సీసం ఆవిరవుతుంది, టేకు కూడా నల్లగా మాడుతుంది, ఆ మరక ఏం చేసినా పోదు. రెండంగుళాల దూరంలో పట్టుకుంటే కొద్ది సెకన్లకు రంగు బొబ్బలెక్కి ముడతపడుతుంది. ఆ క్షణంలోనే స్క్రాపర్ తోయాలి, చెక్క నార వెంబడి. నాలుగు పొరలూ ఒకే రిబ్బనులా లేచి వస్తాయి. ఆలస్యం చేస్తే కరిగి జిగటై చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది. పక్కన బకెట్టు నీళ్ళు ఉంచుకోండి. పలక గాడిలో పాత దుమ్ము, చెద పొట్టు ఉంటే నిప్పు రాజుకుని లోపలే కుములుతుంది. పని ఆపాక గంటసేపు అక్కడే ఉండి చూడాలి.

పద్మం చెక్కిన పలకకు హీట్ గన్ పనికిరాదు. పల్చటి అంచులు ముందు మాడతాయి. అక్కడ పెయింట్ రిమూవర్ జెల్ వాడండి, రెక్కకు లీటరు పెట్టుకోండి. డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే గదిలో వాడనే కూడదు. దాని ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగి నిలుస్తుంది, మామూలు మాస్కు దాన్ని ఆపలేదు. అమెరికాలో ఇళ్ళవాళ్ళకు ఆ రకం రిమూవర్ల అమ్మకాన్ని 2019లో నిషేధించారు. అది లేని రకం దొరికితే అదే కొనండి, నెమ్మదిగా పని చేసినా ఫరవాలేదు. పావు అంగుళం మందాన రాసి, పైన పాలిథీన్ కాగితం కప్పి వదిలేయండి. ఆరిపోకుండా ఉంటేనే అడుగు పొర దాకా దిగుతుంది. పద్మం రేకుల సందుల్లో ఇనప మొనలు పెట్టకండి. వెదురు పుల్లను ఏటవాలుగా చెక్కి గీకండి. పుల్ల అరిగితే మళ్ళీ చెక్కుకోవచ్చు, రేకు అరిగితే పోయినట్టే.

పారాణి:

కాస్టిక్ సోడా సంగతి. ఊడుతుంది, నిజమే. కానీ టేకును నల్లబరుస్తుంది, పైనార లేచి చెక్క బొచ్చు బొచ్చుగా తయారవుతుంది, పాత బంకను తినేస్తుంది. రెక్క మొత్తాన్ని తొట్టిలో ముంచే పని అసలు చేయకండి. తప్పనిసరై చిన్న చోట వాడితే లీటరు నీటికి 100 గ్రాములు. నీళ్ళలోకి సోడా కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్ళు పోయకూడదు, ఒక్కసారి మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, ప్లాస్టిక్ బకెట్టు వాడాలి. కళ్ళద్దాలు, మోచేతి దాకా రబ్బరు తొడుగులు తప్పవు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. కాస్టిక్ చెక్క రంధ్రాల్లో మిగిలితే మీద వేసిన మెరుగు నెలలోనే తెల్లటి పొక్కులుగా లేస్తుంది. నీళ్ళతో కడిగాం కదా అనుకుంటే కుదరదు. నీళ్ళలో సగానికి సగం కలిపిన వెనిగర్‌తో రెండుసార్లు తడిపి మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి. పోయిందో లేదో చూడటానికి మనింట్లోనే సాధనం ఉంది. తెల్ల నూలుగుడ్డ పసుపునీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టండి. చెక్క మీద ఒక చోట నీళ్ళు చల్లి, ఐదు నిమిషాలాగి, ఆ గుడ్డను అదిమి పట్టండి. గుడ్డ పసుపుగానే ఉంటే సరే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడ్డట్టు గుడ్డ ఎర్రబడితే కాస్టిక్ ఇంకా ఉంది, మళ్ళీ వెనిగర్. పలక గాడి దగ్గర, కుసి సందు దగ్గర తప్పకుండా చూడండి, ఆ మూలల్లోనే మిగులుతుంది. పసుపును నేరుగా చెక్కకు రాయకండి, మరకవుతుంది.

ఇనప మేకుల చుట్టూ నల్లమచ్చలు కనిపిస్తే అవి కాలినవి కావు, ఇనుమూ చెక్కలోని వగరూ కలిసి పుట్టిన మరకలు. లీటరు గోరువెచ్చటి నీటికి 50 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కలిపి కుంచెతో రాసి, అరగంటాగి కడగండి. అది విషం, పొడి పీల్చకూడదు, పిల్లలకందకూడదు. మేకు అక్కడే ఉంటే మరక మళ్ళీ వస్తుంది కాబట్టి ముందు మేకు పీకేయాలి.

కమ్మి_గడప:

ద్వారబంధం గురించి ఎవరూ చెప్పలేదు, ముందు జరగాల్సిన పని అదే. మట్టి దారిని చూడగానే తుడిచేయకండి. అంగుళం మేర మాత్రం పగలగొట్టి రెండు మూడు రోజులు ఆగండి. మళ్ళీ కట్టుకుంటే పుట్ట బతికే ఉంది.

నేల, గోడ, కమ్మి కలిసేచోట 6 మి.మీ. బిట్‌తో 45 డిగ్రీల ఏటవాలుగా కిందికి రంధ్రాలు వేయండి, ఆరంగుళాలకు ఒకటి చొప్పున, గుమ్మానికి రెండు వైపులా, లోపలా బయటా. చెదల మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం రకమైతే లీటరు నీటికి 2.1 మి.లీ. పెద్ద సిరంజీతో ఇక పట్టనంత దాకా ఎక్కించి, మర్నాడు రంధ్రాలను సిమెంటుతో పూడ్చండి. ఒక హెచ్చరిక: మీ వైపు బావి నీళ్ళు పైనే ఉంటాయి, రొయ్యల చెరువులు పక్కనే ఉంటాయి. ఈ మందు రొయ్యలకు చాలా చెడ్డది. మిగిలిన నీళ్ళు, డబ్బా కడిగిన నీళ్ళు కాలవలో పారబోయకండి. బావి దగ్గరగా ఉంటే ఈ పని లైసెన్సున్న చెదల మందువాళ్ళకు వదిలేయడమే మేలు.

తర్వాత డొల్ల ఎంత దాకా ఉందో పొడిచి చూడండి. సన్నటి స్క్రూడ్రైవర్ చేత్తో తోస్తే దిగినంత దాకా పాడైనట్టే. గట్టి చెక్క తగిలిన చోటి నుంచి ఇంకో రెండంగుళాలు పైకి కోయాలి. అంటే మీకు తొమ్మిదంగుళాలు పోతుంది.

కోసే ముందు పైన ఏముందో చూడండి. ఆ కాలపు పెంకుటిళ్ళలో ద్వారం మీద కాంక్రీటు లింటెల్ ఉండకపోవచ్చు. గోడ చెక్క దూలం మీదో, ద్వారబంధం పైకమ్మి మీదో నిలిచి ఉంటుంది. బరువు పైకమ్మి మీదే ఉందనిపిస్తే సొంతంగా కోయకండి, మేస్త్రీని పిలిచి పోట్లు (ఆసరా కర్రలు) పెట్టించాకే ముట్టుకోవాలి. దూలం విడిగా ఉంటే ఫరవాలేదు, అయినా పైకమ్మి కింద ఒక పోటు పెట్టుకోండి.

కొత్త ముక్క పాత టేకే కావాలి. పాత కలప డిపోల్లో ద్వారబంధం తునకలు దొరుకుతాయి. కొత్త టేకు పచ్చిగా ఉంటే ఎండేకొద్దీ ముడుచుకుని అతుకు తెరుచుకుంటుంది. అతుకును అడ్డంగా ఒకే గీతలో కోయవద్దు. పాత కమ్మిని సగం మందానికి ఆరంగుళాల పొడవున తీసి, కొత్త ముక్కను కూడా అలాగే తీసి ఒకదానిమీదొకటి కూర్చోబెట్టండి. బయటకు కనిపించే అడ్డ కోత బయటికి వాలుగా ఉండాలి, నీరు లోపలికి దిగకుండా. ఎపాక్సీ రాసి, రెండు ఇత్తడి మరలు వేసి, మర తలల్ని టేకు బిళ్ళలతో కప్పేయండి.

ముక్క కొస నేరుగా సిమెంటు మీద ఆనకూడదు. చెక్క కొస దీపం వత్తి నూనె పీల్చినట్టు తేమను పీలుస్తుంది, మీ కమ్మి పాడైంది కూడా అక్కణ్ణుంచే. కొసకు రెండు పూతలు పల్చటి ఎపాక్సీ పట్టించి, కింద 20 మి.మీ. కడప రాయి ముక్క పెట్టండి. మిగిలిన కమ్మికీ గడప అడుగుకూ, రంగు తీసిన చెక్క మీద, లీటరు వేడినీటిలో 60 గ్రాముల బోరాక్సు, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి రెండుసార్లు రాయండి. నీటికి కరిగిపోయే మందు కాబట్టి పూర్తిగా ఆరాక మీద మెరుగు తప్పనిసరి.

కోనసీమ_లోగిలి:

లింటెల్ లేదు, దూలం విడిగానే ఉంది. పది రోజుల్లో ఇదంతా అయ్యేట్టు లేదు. ఏం చేసి ఆపవచ్చు? మెరుగు ఏది వేయాలి? గడపకు శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తారు, దానికి పసుపు ఎనామిల్ వేసేయమని ఇంట్లో అంటున్నారు.

చిత్రిక_పొట్టు:

ఈ విడతలో మందు, కమ్మి అతుకు, కుడి రెక్క పూర్తి చేయండి. ఎడమ రెక్కను కదపకండి. సింహద్వారం లేకుండా ఇల్లు ఉంచలేరు కాబట్టి ముందే ప్లైవుడ్ పలక ఒకటి రెక్క కొలతకు కోసి సిద్ధంగా పెట్టుకోండి, బోల్టుతో సహా. ఎడమ రెక్క ఫిబ్రవరి నుంచి మే మధ్యలో పెట్టుకోండి. వానాకాలంలో బిగుసుకుందని చిత్రిక పడితే వేసవిలో సందు పడుతుంది. రెండు రెక్కల నాలుగు నిలువు పట్టీలూ కలిసి ఎండాకాలానికీ వానాకాలానికీ 2–3 మి.మీ. మారతాయి. వేసవిలో మధ్య సందు 3 మి.మీ. ఉంటే వానల్లో సరిగ్గా మూసుకుంటుంది.

బందుల పాత మర రంధ్రాల్లో అగ్గిపుల్లలు దూర్చవద్దు. 10 మి.మీ. బిట్‌తో తొలిచి టేకు మేకు జిగురుతో దిగ్గొట్టి, ఆరాక కొత్త రంధ్రం వేయండి. 8వ నంబరు మరకు 3 మి.మీ. రంధ్రం, 10వ నంబరుకు 3.5. ఇత్తడి మరలు వేస్తుంటే ముందు అదే సైజు స్టీలు మర బిగించి తీసి, మైనం రాసి ఇత్తడిది వేయండి. నేరుగా వేస్తే టేకులో సగం దిగి తల తెగిపోతుంది.

అవిసె_నూనె:

మెరుగు విషయంలో పేరు చూసి నన్ను అనుమానించకండి, మీ తలుపుకు అవిసె నూనె చెప్పను. కోనసీమ తేమకు అవిసె నూనె మీద నల్ల బూజు పడుతుంది. తెలంగాణ పొడి ఊళ్ళలో వరండా లోపలి తలుపుకైతే అదే చెప్పేవాణ్ణి. లక్క పాలిష్ నీళ్ళు పడితే తెల్లబోతుంది. మెలమిన్ లోపలి బీరువాలకు, ఎండలో పెచ్చులూడుతుంది. మీకు కావలసింది బయటి వాడకానికని డబ్బా మీద స్పష్టంగా ఉన్న, ఎండను తట్టుకునే పీయూ (పాలీయురేథేన్) మెరుగు. రెండు రెక్కలూ ద్వారబంధమూ కలిపి మూడు పూతలకు రెండు లీటర్లు పడుతుంది.

ఉప్పుకాగితం 80, 120, 180 నంబర్లతో వరసగా, నార వెంబడే. రంగు పూర్తిగా పోయి చెక్క తేలాకే ఈ పని, అప్పుడు కూడా ఎన్95 మాస్కు వేసుకోండి. తర్వాత అసిటోన్ గుడ్డ. టేకు నూనె మీద పీయూ ఆరదు, రెండు రోజులైనా వేలికి జిగటగా తగులుతుంది. మొదటి పూత దాని థిన్నరుతో పదో వంతు పల్చన చేసి, మిగతా రెండూ చిక్కగా, మధ్యలో 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్ది. రెక్క ఆరు ముఖాలకూ పట్టాలి. కింది అంచు, పై అంచు, బందులు కూర్చునే గాడి ఎవరికీ కనిపించవు కాబట్టి అందరూ వదిలేస్తారు, నీరు దిగేది అక్కడే. రెక్కను పైకి ఎక్కించాక కింది అంచుకు కుంచె అందదు, ముందే వేయండి.

గడపకు ఎనామిల్ వద్దు. కాలి దెబ్బలకు అంచుల దగ్గర పగిలి, శుక్రవారం కడుగుడు నీళ్ళు పొర కిందికి దిగి బయటికి రాలేక నిలుస్తాయి. ఆ గడప లోపల్నుంచి పుచ్చుతుంది, పైకి మాత్రం పచ్చగా కనిపిస్తుంది. గడపకు మాత్రం మరగబెట్టిన అవిసె నూనె, టర్పెంటైన్ సమపాళ్ళలో కలిపి ఒక పూత, రెండు రోజులాగి రెండుపాళ్ళు నూనె, ఒకపాలు టర్పెంటైన్‌తో ఇంకో పూత. పావుగంటకు మిగిలిన నూనె అంతా తుడిచేయాలి, వదిలేస్తే జిగటవుతుంది. ఏడాదికోసారి మళ్ళీ పట్టించండి. రోజూ తుడుస్తూ ఉంటారు కాబట్టి గడప మీద బూజు నిలవదు. పసుపు మామూలుగానే రాసుకోవచ్చు. ఎండ తగిలే గడప మీద పసుపు మరక దానంతటదే వెలుస్తుంది. సబ్బునీళ్ళతో కడిగితే ఎర్రబడుతుంది, అందుకే వట్టి నీళ్ళే వాడండి.

నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. ఒక్కొక్కటీ విడిగా దండెం మీద ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్టులో ముంచి ఉంచి మర్నాడు పారేయండి.

కోనసీమ_లోగిలి:

చెదల మందువాళ్ళను రేపు పిలుస్తున్నాను, బావి పన్నెండు అడుగుల దూరంలోనే ఉంది. ప్లైవుడ్ పలక ఎంత మందం?

చిత్రిక_పొట్టు:

19 మి.మీ. వెనక మూడు అడ్డపట్టీలు కొట్టండి, బందులు పట్టే అంచుకు ఒక నిలువు పట్టీ. 12 మి.మీ. అయితే మర పట్టదు.